మీ పేరు వేలంలో ఉంది

మీ దుకాణం పేరు ఎవరిదండీ?

తొందరపడి "నాదే" అనకండి. తాతగారి పేరో ఇలవేల్పు పేరో కలిపి మీరే పెట్టుకున్నారు, కాదనను. ట్రేడ్ లైసెన్సులో ఉంది, జీఎస్టీ సర్టిఫికెట్లో ఉంది, కరెంటు బిల్లు మీద ఉంది, షట్టరు మీద ఎర్రరంగుతో ఉంది. అయినా ఎవరైనా ఫోన్ తీసి ఆ పేరే అక్షరం పొల్లుపోకుండా కొట్టినప్పుడు, తెర మీద అందరికంటే ముందు ఎవరు కనపడాలన్నది మీ చేతిలో లేదు. రెప్పపాటులో జరిగిపోయే వేలంపాటలో అది తేలుతుంది. పాటకు మిమ్మల్నీ పిలుస్తారు, ఆ మర్యాదకు లోటు చెయ్యరు. మీరు పాడకపోతే పక్కవీధివాడు పాడుకుంటాడు. అంతే.

పంచాయతీ చెరువులో చేపలు వేలం వెయ్యాలంటే ముందు ఊళ్లో దండోరా వేయించాలి. పావు సెంటు స్థలం చేతులు మారాలంటే రిజిస్ట్రారు ముందు ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. మీ పేరు పాటకు పెట్టడానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు. మీది అసలే అక్కర్లేదు.

ఇది కడుపుమంటతో అంటున్న మాట కాదు, కోర్టుకెక్కిన వ్యవహారమే. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు చేరవేసే అగర్వాల్ ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లు ఢిల్లీ హైకోర్టులో మొరపెట్టుకున్నారు. గూగుల్లో మా పేరు కొట్టి వెతికినవాళ్లకు వేరేవాళ్ల ప్రకటనలు చూపిస్తున్నారు మహాప్రభో అన్నది వాళ్ల గోడు. 2023 ఆగస్టులో డివిజన్ బెంచి తీర్పు చెప్పింది. ఈ తతంగంలో గూగుల్ చేతులు కట్టుకుని నిలబడ్డ మూడోమనిషి కాదు, చురుగ్గా పాలుపంచుకుంటున్నదేనని తేల్చింది. అంతవరకూ భేష్. అయితే ఒకరి ట్రేడ్‌మార్కును మరొకరు కీవర్డుగా, అంటే వేలంలో పాడే మాటగా, వాడుకున్నంత మాత్రాన అది ఉల్లంఘన అయిపోదని, వెతికేవాడు తికమకపడే పరిస్థితి ఉంటేనే తప్పవుతుందని కూడా చెప్పింది. న్యాయంగానే ఉంది. ఇక మీరు చెయ్యాల్సిందల్లా మీ ఖాతాదారు తికమకపడ్డాడని నిరూపించడమే. తికమకపడ్డవాడు పక్కవీధి కొట్టుకు వెళ్లిపోతాడు కాబట్టి సాక్ష్యం చెప్పమని అడగటానికి మీకు దొరకడు. అయినా ప్రయత్నించండి. వకీలు ఫీజు, ఢిల్లీకి రానుపోను ఖర్చు చూసుకుంటే ఆ వేలంలో నాలుగు రూపాయలు ఎక్కువ పాడటమే చవక అనిపిస్తుంది. అనిపించాలి కూడా.

ఈ విద్య గూగుల్ సొంతంగా కనిపెట్టింది కాదు. 1998లో బిల్ గ్రాస్ అనే ఆయన గోటూ.కామ్ పేరుతో అమెరికాలో దీనికి బోణీ చేశాడు. ఏ మాటకు ఎంతిస్తావు, క్లిక్కుకు ఎంతిస్తావు అని అడిగి, ఎక్కువ ఇచ్చినవాణ్ణి పైన పెట్టాడు. జనం ఛీ అన్నారు. సరిగ్గా అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు కుర్రాళ్లు తమ సెర్చ్ యంత్రం గురించి ఒక పరిశోధన పత్రం రాశారు. దాని అనుబంధంలో ఒక హెచ్చరిక ఉంది. ప్రకటనల డబ్బుతో బతికే సెర్చ్ ఇంజన్ సహజంగానే ప్రకటనలిచ్చేవాళ్ల వైపు మొగ్గుతుంది, వెతికేవాడి అవసరం వెనక్కి పోతుంది అని. ఎంత పెద్ద మాట! రెండేళ్లు తిరిగేసరికి, 2000 అక్టోబరులో, ఆ ఇద్దరి కంపెనీయే యాడ్‌వర్డ్స్ అనే ప్రకటనల దుకాణం తెరిచింది. చెప్పిన జోస్యాన్ని సొంత చేతులతో, సొంత ఖర్చుతో నిజం చేసి చూపించినవాళ్లు చరిత్రలో అరుదు. 2024లో ఆ జోస్యం మీద వచ్చిన రాబడి 26,400 కోట్ల డాలర్ల పైచిలుకు.

ప్రకటన ఏదో అసలు ఫలితం ఏదో జనం పోల్చుకోలేకపోతే ఎలా అని మొదట్లో పాపభీతి ఉండేది. ప్రకటనల వెనక లేత రంగు పూత వేసేవారు. 2013లో పూత పోయింది, పసుప్పచ్చ బిళ్ల వచ్చింది. 2016లో ఆ బిళ్ల ఆకుపచ్చగా మారింది. 2017లో బిళ్లలో రంగు పోయి చుట్టూ గీత మిగిలింది. 2020కల్లా కంప్యూటర్ తెర మీద గీతా పోయింది, "యాడ్" అన్న నల్లటి రెండక్షరాలు మిగిలాయి. 2022లో వాటి స్థానంలో "స్పాన్సర్డ్" అన్న మాట వచ్చింది. ఎండకు వెలిసిన రంగు కాదిది. ఎవరో కూర్చుని, కొలిచి, ఒక్కో పొరే తీశారు.

ఇదంతా పైలోకపు సంగతి. కింద, మన కొట్టు గుమ్మం దాకా ఈ వేలం ఎలా వచ్చిందో చూడాలంటే ఆత్రేయపురం వెళ్లాలి. పూతరేకుల ఊరు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. రేకులు తీసే ఆవిడ పల్చటి గుడ్డను బియ్యప్పిండి నీళ్లలో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతుంది. చుయ్‌మంటుంది. ఊపిరి పీల్చేలోగా పొరలాంటి రేకు లేస్తుంది, తీసి పక్కన పెడుతుంది, గుడ్డ మళ్లీ ముంచుతుంది. ఆ చేతికి ఏ సెర్చ్ ఇంజన్ నేర్పగలిగిందీ లేదు. ఆ ఊళ్లో కొట్టు నడిపే ఒక పెద్దాయనకు ఫోనొచ్చింది. ఆయనకు ఎవరు ఫోన్ చేసినా స్పీకరు పెట్టే అలవాటు కాబట్టి బజారంతా విన్నది.

"నమస్తే సార్, గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం సార్."

"గూగులంటే... ఆ అమెరికా గూగులేనామ్మా?"

"గూగుల్ పార్ట్‌నర్ సార్."

"అంటే ఎక్కడుంటారు?"

"అమీర్‌పేట సార్. సార్, మీ షాపు ఫస్ట్ పేజీలో రావట్లేదు సార్."

"మా కొట్టు ఊళ్లోకి రాగానే మొదట్లోనే ఉంటదమ్మా. కాలవ గట్టు దిగితే మాదే."

"అలా కాదు సార్, గూగుల్లో. ఫస్ట్ పేజీలో లేకపోతే మీరు లేనట్టే సార్."

పెద్దాయన ఒకసారి తన చేతులు ఎగాదిగా చూసుకున్నాడు, ఉన్నాడో లేడో అని. తరువాత ప్యాకేజీ వివరాలు వచ్చాయి. నెలకు పదిహేను వేలు. ఆర్నెల్లు ముందే కడితే ఒక నెల ఫ్రీ. ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన సలహాల పేజీలో రాసి పెట్టింది, కానీ పార్ట్‌నర్లకు అది చదివే తీరిక ఉండదు. ఆ సాయంత్రానికి ఊళ్లో మరో రెండు కొట్లకు ఇదే గొంతు ఇదే హామీ ఇచ్చింది. ముగ్గురికీ మొదటి స్థానమే. మొదటిది ఒక్కటే ఉంటుందన్న లెక్క అమీర్‌పేట సిలబస్‌లో లేనట్టుంది.

పెద్దాయన డబ్బు కట్టిన ఆ ప్యాకేజీ విప్పి చూస్తే కడుపు నిండిపోతుంది. అందులో "మెటా కీవర్డ్స్" అని ఒక వరుస. పేజీ లోపల ఎవరికీ కనపడకుండా పూతరేకులు, నేతి పూతరేకులు, బెల్లం పూతరేకులు అని మాటలు దాచిపెట్టడం. ర్యాంకు ఇవ్వడానికి మేం వాటి మొహం కూడా చూడమని గూగుల్ 2009లోనే చెప్పేసింది. అయినా బిల్లులో ఆ వరుసకు ఇప్పటికీ ఆయువుంది. మరో వరుస "500 బ్యాక్‌లింక్స్". అంటే ఊరూ పేరూ లేని సైట్ల నుంచి మన సైటుకు దారులు వేయించడం. ఎక్కడో పశువుల మందులమ్మే సైటు అడుగున, గజ్జి మందు పక్కన, ఆత్రేయపురం పూతరేకులకు లింకు. ఇలాంటి అద్దె లింకులను పట్టుకుని కిందకి తొయ్యడానికే 2012 ఏప్రిల్లో గూగుల్ పెంగ్విన్ అనే అప్‌డేట్ దింపింది. దానికి ముందు ఏడాది పాండా వచ్చింది, తరువాతి ఏడాది హమ్మింగ్‌బర్డ్. జంతువుల పేర్లు ముద్దుగానే ఉంటాయి. వాటి కాళ్ల కింద పడ్డ కొట్టువాళ్లకే అందులో ముద్దు కనపడదు. డబ్బిచ్చి లింకులు వేయించుకున్నదీ వాళ్లే, ఆ లింకుల వల్ల మునిగిందీ వాళ్లే. వేసినవాడు మాత్రం ఈపాటికి "పెంగ్విన్ రికవరీ ప్యాకేజీ" అమ్ముకున్నాడు.

అన్నిటికంటే రుచికరమైనది "కంటెంట్". పూతరేకులు అమ్మాలంటే వాటి మీద 1,500 మాటల వ్యాసం కావాలట. రాసినవాడు వాటిని తిన్న దాఖలా లేదు. మొదటి ఉపశీర్షిక "పూతరేకులు అంటే ఏమిటి?" రెండోది "పూతరేకులను ఎందుకు తినాలి?" తరువాత "పూతరేకులు తినడం వల్ల కలిగే 10 ఆరోగ్య ప్రయోజనాలు". తొమ్మిది దాకా ఎలాగో లాక్కొచ్చి పదోదిగా గాఢనిద్ర అని రాశాడు. అది చదివినవాడికి మాత్రం ఖాయం. పైన పెట్టిన ఫొటో తాపేశ్వరం కాజాది. వెతికేవాడికి కావాల్సింది ధర ఎంత, డబ్బాలో ఎన్ని, విజయవాడకు ఎప్పుడు చేరుతుంది అన్న మూడు ముక్కలు. అవి వ్యాసంలో లేవు. ఈ రాత మనిషి కోసం రాసింది కాదు కదా, యంత్రం కోసం రాసింది.

నెలాఖరుకు రిపోర్టు వచ్చింది. రంగుల గీతలన్నీ పైకే ఎగబాకుతున్నాయి. నలభై వేల పైచిలుకు ఇంప్రెషన్లు అని పెద్దక్షరాల్లో ఉంది. నలభై వేలమంది కొన్నారా? లేదు. నొక్కారా? లేదు. చూశారా? అదీ చెప్పలేం. వాళ్ల తెర మీదకు పేరు ఒకసారి అలా వచ్చి ఇలా పోయింది, అంతవరకే హామీ. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ముసుగుతన్ని పడుకున్న ప్రయాణికులందరినీ రాజమండ్రి చూసినవాళ్ల లెక్కలో వేసుకున్నట్టు. ఇలాంటి లెక్కల్లో పెద్దవాళ్లకూ చెయ్యి జారుతుంది. వీడియోలను జనం సగటున ఎంతసేపు చూస్తున్నారన్న లెక్క రెండేళ్లపాటు ఎక్కువ చేసి చూపించామని 2016లో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. పొరపాటేనట. ఈ రంగంలో పొరపాట్లకు ఒక క్రమశిక్షణ ఉంది, అవి ఎప్పుడూ డబ్బు తీసుకునేవాడి వైపే జరుగుతాయి.

ఫోన్లో పడనివాళ్ల కోసం ఉచిత పరీక్షలు ఉన్నాయి. మీ వెబ్‌సైటు అడ్రసు కొట్టండి, ఆరోగ్యం ఎలా ఉందో ఉచితంగా చెబుతాం అంటాయి. చక్రం గిర్రున తిరుగుతుంది. తీరా వచ్చేది ఎర్రటి వలయంలో 43. కింద లోపాల చిట్టా. ఫొటోలకు ఆల్ట్ టెక్స్ట్ లేదు, హెడ్డింగుల వరుస సరిగా లేదు, మొబైల్లో మెల్లగా తెరుచుకుంటోంది. వాటిలో ఆ చివరి ముక్క నిజంగా పట్టించుకోవాల్సిందే, పల్లెటూళ్ల సిగ్నల్లో బరువైన పేజీ తెరుచుకోక పోయే బేరాలు ఉంటాయి. కానీ దాన్నీ, ఎవడికీ అక్కర్లేని ముప్ఫై లోపాలనూ ఒకే ఎరుపులో కలిపి చూపించడంలోనే ఉంది పనితనం. భయపడి చందా కడితే వచ్చే నెల 61 అవుతుంది, వలయం నారింజ రంగుకు తిరుగుతుంది. వందకు మాత్రం ఎన్నటికీ రాదు. వస్తే ఆపై నెల చందా ఎవడు కడతాడు?

అయితే గూగుల్ మ్యాప్స్ దగ్గర నేను కొంచెం మెత్తబడతాను. పైసా తీసుకోకుండా అది చేసిన మేలు చిన్నది కాదు. హైవే పక్కన పంక్చర్లు వేసే కుర్రాడి దగ్గరకు అర్ధరాత్రి తెలియని మనుషులు వెతుక్కుంటూ వచ్చారంటే దాని పుణ్యమే. ఆ మంచి ఎన్నాళ్లు ఉండనిస్తారు మనవాళ్లు? "దగ్గర్లో" అని వెతికేవాళ్లు పెరిగేసరికి దుకాణాల పేర్లకు తోకలు మొలిచాయి. మొన్నటిదాకా శ్రీ వేంకటేశ్వర టిఫిన్స్. ఇవాళ శ్రీ వేంకటేశ్వర టిఫిన్స్ బెస్ట్ టిఫిన్ సెంటర్ ఇడ్లీ దోశ పూరీ నియర్ మీ కూకట్‌పల్లి కేపీహెచ్‌బీ. ఇలా పేరుకు ముక్కలు అతికించకూడదని గూగుల్ నియమం ఉంది. అమెరికాలో ఒకాయన ఆ నియమానికి చిక్కకుండా అసలు పేరే అలా పెట్టేశాడు. న్యూయార్క్‌లో అతని హోటల్ బోర్డు మీద ఉన్న పేరు "థాయ్ ఫుడ్ నియర్ మీ". మనకు ఇది కొత్త కూడా కాదు. న్యూమరాలజీ సిద్ధాంతి చెప్పాడని ఇంగ్లీషు స్పెల్లింగులో ఇంకో రెండు "ఏ"లు, ఒక "హెచ్" దూర్చినవాళ్లమే. సిద్ధాంతి ఒకసారి దక్షిణ తీసుకుని వెళ్లిపోయేవాడు. అల్గారిదం నెలనెలా వస్తుంది.

ఇక స్టార్లు. చేతులు కడుక్కుని బిల్లు దగ్గరకు రాగానే అట్టముక్క మీద క్యూఆర్ కోడ్ ముందుకు జరుగుతుంది. "అన్నా, అయిదు స్టార్లు కొట్టండన్నా, ఓనర్ చూస్తాడు." కొట్టేదాకా చిల్లర రాదు. అవతల ఒక్క స్టారు ఇచ్చినవాడి ఫిర్యాదు ఏమిటంటే, సోమవారం వెళితే కొట్టు మూసి ఉందట. ఆ కొట్టుకు సోమవారం సెలవని మ్యాప్స్‌లోనే రాసి ఉంది. ఈ నక్షత్రాల విలువ ఎంతో 2017లో ఊబా బట్లర్ అనే పాత్రికేయుడు తేల్చిపారేశాడు. లండన్లో తన పెరట్లోని చెక్క షెడ్డుకు ద షెడ్ ఎట్ డల్విచ్ అని పేరు పెట్టి, స్నేహితుల చేత రివ్యూలు రాయించి, ట్రిప్అడ్వైజర్‌లో దాన్ని నగరంలోకెల్లా ఒకటో నంబరు రెస్టారెంటు చేశాడు. అప్పటికి అక్కడ పొయ్యి వెలిగింది లేదు, ప్లేటు పెట్టింది లేదు. మన దగ్గర 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల కోసం భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది. ఇష్టమున్నవాళ్లు పాటించవచ్చు. దొంగ రివ్యూలు అమ్మేవాళ్లు ఇష్టపడి పాటిస్తారని ఎదురు చూస్తున్నాం.

"లీడ్స్" అమ్మేవాళ్ల గురించి ఒక్క మాట. ఎండాకాలం ఏసీ ఆగిపోయి, మెకానిక్ కావాలని ఒక డైరెక్టరీలో మీ నంబరు కొట్టండి. ఫోన్ కింద పెట్టకముందే ఆరుగురు మెకానిక్‌లు లైన్లోకి వస్తారు. మీ ఒక్క నంబరునూ ఆరుగురికీ అమ్మారు. ఆరుగురూ డబ్బు కట్టారు, ఒకడికే పని దొరికింది. ఆ ఒకడు కట్టిన డబ్బు రాబట్టుకోవడానికి మీ ఏసీలో గ్యాసు అయిపోయిందంటాడు.

ఉచితం అంటే చాలు మనవాళ్లు క్యూ కడతారు కాబట్టి, ఆ కథ కూడా చెప్పుకోవాలి. 2017 జనవరిలో సుందర్ పిచాయ్ ఢిల్లీ వచ్చి, చిన్న వ్యాపారులు ఫోన్లోనే నిమిషాల్లో సొంత వెబ్‌సైటు కట్టుకునే ఏర్పాటు ఉచితంగా తెస్తున్నామని ప్రకటించారు. తెచ్చారు. జనం కట్టుకున్నారు. విజిటింగ్ కార్డుల మీద ఆ అడ్రసు అచ్చు వేయించారు, ఆటో వెనక ఫ్లెక్సీ మీద రాయించారు, పెళ్లి శుభలేఖ అడుగున "మా వ్యాపారం" అని వేయించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 2024 మార్చిలో ఆ సైట్లన్నీ మూసేశారు. కొన్నాళ్లపాటు ఆ అడ్రసు కొట్టినవాళ్లను మ్యాప్స్ ప్రొఫైల్‌కు మళ్లించారు, జూన్‌తో అదీ ఆగింది. ఊళ్లో అద్దె కొట్టు ఖాళీ చేయించాలన్నా ఓనరు వచ్చి, మంచినీళ్లు తాగి, అమ్మాయి పెళ్లి కుదిరిందనో అబ్బాయి వ్యాపారం పెడతాడనో ఏదో ఒక సాకు చెబుతాడు. ఆ ప్రొఫైల్ పేరైనా స్థిరంగా ఉందా అంటే గూగుల్ ప్లేసెస్ అన్నారు, 2014లో మై బిజినెస్ అన్నారు, 2021లో బిజినెస్ ప్రొఫైల్ అన్నారు. మధ్యలో గూగుల్ ప్లస్‌లో కూడా పేజీ పెట్టుకోమన్నారు, 2019లో దాన్ని ఎత్తేశారు. పేరు మారినప్పుడల్లా అమీర్‌పేటలో కొత్త బ్యాచ్.

ఇక పేర్ల వేలంపాట ఎలా నడుస్తుందో అసలువాళ్ల నోటే విందాం. ఎక్కువ పాడినవాడికే చోటు అనుకోకండి, అంత పచ్చిగా ఉండదు. మీ రేటుకు మీ ప్రకటన "నాణ్యత" తోడవుతుంది. ఆ నాణ్యత ఎంతో వాళ్లే చెబుతారు. వేలం వేసేదీ వాళ్లే, తూచేదీ వాళ్లే, తక్కెడ ఉన్న గది తాళమూ వాళ్ల దగ్గరే. 2023 సెప్టెంబరులో వాషింగ్టన్ కోర్టులో నడిచిన గుత్తాధిపత్యం కేసులో గూగుల్ ప్రకటనల విభాగం పెద్ద జెర్రీ డిష్లర్ సాక్ష్యం చెప్పాడు. వేలంలో మార్పులు చేసినప్పుడు మామూలు ప్రకటనదారు మీద 5 శాతం దాకా భారం పెరగవచ్చని, కొన్ని వెతుకులాటల్లో 10 శాతం కూడా కావచ్చని. ఆ సంగతి ప్రకటనలిచ్చేవాళ్లకు చెబుతారా అంటే, సాధారణంగా చెప్పమన్నాడు. పాలవాడు లీటరుకు రెండు రూపాయలు పెంచితే గుమ్మంలో నిలబెట్టి అరగంట సంజాయిషీ అడుగుతాం.

ఆ కేసులోనే 2024 ఆగస్టు 5న జడ్జి అమిత్ మెహతా, వెతుకులాటలో గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుంటోందని తీర్పిచ్చారు. ఐఫోన్‌లో ముందుగా తామే కనపడటానికి ఆపిల్‌కు గూగుల్ ఒక్క 2022లోనే 2,000 కోట్ల డాలర్లు కట్టిందని కూడా ఆ విచారణలోనే బయటపడింది. పెద్దాయన నెలకు పదిహేను వేలు కట్టి చేసే పనే ఇది. ముందు కనపడటానికి అద్దె. ఎటొచ్చీ గూగుల్ కట్టే అద్దె కూడా చివరకు పెద్దాయన లాంటివాళ్ల జేబులోంచే వెళుతుంది. మన కాంపిటీషన్ కమిషన్ 2018లోనే ఫలితాల్లో పక్షపాతం చూపారని 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ కంపెనీ రాబడి పక్కన అది బోణీ బేరం రాయితీ.

ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కాం. 2024 నుంచి వెతికినవాడికి పైన కృత్రిమ మేధే జవాబు చెప్పేస్తోంది, కింద ఉన్న సైట్లు నొక్కే పని లేకుండా. మన సైట్లలోని రాతలు చదివే అది తయారైంది. మొదట్లో అమెరికాలో పిజ్జా మీద చీజ్ జారకుండా జిగురు కలపమని సలహా కూడా ఇచ్చింది. గాఢనిద్ర గురించి రాసిన మన కంటెంట్ రచయిత వ్యాసాలు కూడా దానికి మేతగా పడే ఉంటాయి. అమీర్‌పేటకు విచారమేం లేదు. "ఏఐ ఆప్టిమైజేషన్" ప్యాకేజీ వచ్చేసింది. దాంట్లో కూడా మెటా కీవర్డ్స్ వరుస ఉంది.

ఇంతకూ సొంత పేరు మీద పాట పాడితే ఏమొస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లు ఉన్నారు. ఈబే కంపెనీలో థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడెలిస్ అనే ఆర్థికవేత్తలు 2012లో ఒక పరీక్ష పెట్టారు. ఈబే అన్న పేరు మీద ఇచ్చే సెర్చ్ ప్రకటనలను యాహూ, మైక్రోసాఫ్ట్‌లలో ఆపేశారు. ప్రకటన ద్వారా రావాల్సిన జనంలో 99.5 శాతం మంది కింద ఉన్న ఉచిత లింకు నొక్కి ఎలాగూ వచ్చేశారు. ఆ పేరు తెలిసి, ఆ పేరే కొట్టినవాళ్లు ఎక్కడికి పోతారు? పేరు కాని మామూలు మాటల మీద ఇచ్చిన ప్రకటనలు కొత్తవాళ్లను, అరుదుగా కొనేవాళ్లను కొంత తెచ్చాయి, ఆ మేరకు ఒప్పుకోవాలి. కానీ ఖర్చులో సింహభాగం ఎలాగూ కొనేవాళ్ల మీదే పోయిందని తేలింది. ఈ పరిశోధన 2015లో ఎకనామెట్రికాలో అచ్చయింది. అమ్మేవాళ్లు దాన్ని కొనేవాళ్లకు చదివి వినిపించరు. వినిపించినా పెద్దాయనకు పనికిరాదు, ఎందుకంటే ఈబేకు ఆ పరీక్ష చేసేంత ధైర్యం ఉంది. ఆయన ఒక్క వారం పాట ఆపితే పక్క కొట్టువాడు ఆయన పేరు మీద పాడతాడని ఫోన్లో అమ్మాయి ముందే చెప్పింది. పక్క కొట్టువాడికి కూడా ఆ మాటే చెప్పింది.

కాబట్టి పాట నడుస్తూనే ఉంది. రాజమండ్రిలో ఒక లెక్చరరుగారు ఉన్నారు. వాళ్ల నాన్నగారి కాలం నుంచి సంక్రాంతికి పూతరేకులు ఈ కొట్టు నుంచే వెళతాయి. ఈమధ్య ఆయన ఫోన్ మార్చారు, కొట్టు నంబరు పోయింది. గూగుల్లో పేరు కొట్టారు. పైన ఉన్నది నొక్కారు. అది కొట్టువాళ్లదే, ప్రకటన. నంబరు దొరికింది, ఎప్పట్లాగే నాలుగు డబ్బాలు చెప్పారు, పండక్కి రమ్మని కూడా పిలిచారు. ఆ నొక్కుడుకు కొట్టు ఖాతాలోంచి డబ్బు తెగింది. నెలాఖరు రిపోర్టులో లెక్చరరుగారు ఆకుపచ్చ గీతలో "కొత్త కస్టమర్లు" అన్న వరుసలో ఉన్నారు.

"రిజల్ట్స్ బాగా వస్తున్నాయి సార్," అంది అమ్మాయి. "వచ్చే నెల బడ్జెట్ డబుల్ చేద్దాం సార్."